విద్యార్థి సేవ: గంటల లెక్కయా, గ్రామముల లెక్కయా?

పులివెందులకు ఉత్తరమున, చీనీ తోటలును శనగచేలును విస్తరించియున్న సింహాద్రిపుర ప్రాంతమున, ప్రొద్దెక్కుటకు మునుపే రహదారి కూడలులయందు నిలిచి పులివెందులకో, జమ్మలమడుగునకో, ప్రొద్దుటూరికో పోవు బస్సుల కొఱకు ఎదురుచూచు యువతీయువకులను గనినవారికి, ఈ నేలపై ఒక తరములో ఎంత మార్పు వచ్చినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అక్షరము దిద్దని తల్లిదండ్రుల కడుపున పుట్టినవారు పట్టభద్రులగుచున్నారు. ఊరు తన బిడ్డలను విశ్వవిద్యాలయమునకు అప్పగించినది. విశ్వవిద్యాలయము ఊరికి తిరిగి యేమి యిచ్చుచున్నదను ప్రశ్న ఇక తప్పించుకొనరానిది. ఆ ప్రశ్నకు మన దేశము స్వాతంత్ర్యము వచ్చిననాటినుండి వెదకుచు వచ్చిన సమాధానము విద్యార్థుల స్వచ్ఛంద సేవ.

ఈ సేవకు నేడు పథకములు కలవు, నియమావళులు కలవు, నిధులు కొలదిగానైన కలవు, ఉత్సాహవంతులైన విద్యార్థులు మెండుగా కలరు. అయినను శిబిరము ముగిసి విద్యార్థులు వెడలిపోయిన యేడాదికి ఆ గ్రామమునకు పోయి, వారు చేసిన పనిలో నిలిచియున్నదేమని అడిగినచో, చూపుటకు మిగిలినది తఱచు అత్యల్పముగనే యుండును. ఈ లోపమునకు మూలము విద్యార్థుల అలసత్వము కాదనియు, సేవను మనము కొలుచు కొలబద్దయందే యున్నదనియు నా అభిప్రాయము. విద్యార్థి యెన్ని గంటలు పనిచేసెనని లెక్కించుచున్నాము. ఒక గ్రామమునందు ఎన్నియేండ్లు నిలిచి యేమి సాధించితిమని లెక్కించుట లేదు. ఈ సేవ యెట్లు పుట్టినది, ఎట్లు నడచుచున్నది, పరిశోధకులేమి కనుగొనిరి, ఇతర దేశముల అనుభవమేమి, దీనిని చక్కదిద్దుటకు విశ్వవిద్యాలయములు చేయవలసినదేమి యను విషయములను వరుసగా పరిశీలించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

తెలుగునాట యువజన సేవ ప్రభుత్వపు ఉత్తరువులతో పుట్టినది కాదు. 1921లో చీరాల-పేరాల ఉద్యమమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు తీర్చిదిద్దిన రామదండు అను స్వచ్ఛంద సేవాదళము, అదే సంవత్సరము విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు జనసమ్మర్దమును క్రమపఱచుటకు నిలిచినది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భమున ఏర్పఱచిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచిన పదునాలుగేండ్ల బాలిక, టిక్కెట్టు లేని కారణమున జవాహర్‌లాల్ నెహ్రూగారినే లోనికి పోనీయక ఆపివేసి, నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే దారి విడిచినది. ఆ బాలికయే కాలాంతరమున ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మ. ఈ వృత్తాంతమును ఆమె ధైర్యమునకు నిదర్శనముగా పెద్దలు చెప్పుచుందురు. దానియందు సేవాకార్య నిర్వహణకు సంబంధించిన పాఠమొకటి కూడ కలదు: అప్పగించిన పని యేదియో ఆ బాలికకు స్పష్టముగా తెలియును, ఆ పని చేయుటకు తగిన అధికారమామెకు ఇయ్యబడినది, ఆమె నిర్ణయమును పెద్దలు మన్నించిరి. స్పష్టమైన పని, దానికి తగిన అధికారము, పెద్దల మన్నన అను నీ మూడును నేటి మన శిబిరములలో ఎన్నింటియందు కానవచ్చునో ఆలోచింపదగినది.

రాయలసీమలో సేవ యను భావమునకు కరువుతోడి సంబంధము విడదీయరానిది. 1876-78 నాటి ధాత కరువును గుఱించి తాతలు చెప్పగా వినినవారు, 1952లో ఊరూర నడచిన గంజి కేంద్రములను కన్నులార చూచినవారు, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయే సేవయని తలచుట సహజము. అది ఆపత్కాల ధర్మము. కాని కరువు రాకుండుటకు చేయవలసిన పని ఆపత్తులేని యేండ్లలో, ఎవరి కంటను పడని రీతిని, ఓపికతో సాగవలసిన పని. విద్యార్థి సేవను గూర్చి తరువాతికాలమున వచ్చిన ప్రభుత్వ చింతనయంతయు ఈ రెండు స్వభావములకు నడుమ ఊగిసలాడుచు వచ్చినదని చెప్పవచ్చును.

ఆ చింతనకు ఆరంభము డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము. 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా నుండి తెలుగు విద్యార్థులను దగ్గఱనుండి చూచిన ఆయన నాయకత్వమున ఆ సంఘము, జాతీయ సేవ విద్యాసంస్థలలో స్వచ్ఛందముగా ప్రవేశపెట్టదగినదని సూచించినది. 1958లో నెహ్రూగారు, పట్టము పొందుటకు ముందు విద్యార్థి సంఘసేవ చేయవలెనను ఆలోచనను ముఖ్యమంత్రుల ముందుంచిరి. 1959లో దానికొక రూపురేఖ నిర్ణయించుటకు ఏర్పడిన సంఘమునకు చింతామణి దేశ్‌ముఖ్‌గారు అధ్యక్షులైరి. ఆయన అప్పటికే దుర్గాబాయమ్మ భర్త. 1960లో విద్యావేత్త సయిదైన్‌గారు ఇతర దేశముల యువజన సేవను పరిశీలించి నివేదిక సమర్పించిరి. 1964-66 నడుమ పనిచేసిన కొఠారీ సంఘము అన్ని తరగతుల విద్యార్థులకును ఏదో యొక రూపమున సంఘసేవతో సంబంధముండవలెనని చెప్పినది. ఈ చర్చలన్నింటి ఫలముగా, గాంధీజీ శతజయంతి వత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకమును ప్రారంభించిరి.

ఇరువదియేండ్ల ఈ చర్చయందు ఆద్యంతమును వినబడిన సందేహమొక్కటే: సేవ నిర్బంధముగా నుండవలెనా, ఐచ్ఛికముగా నుండవలెనా? జాతీయ సేవా పథకము ఐచ్ఛిక మార్గమును గైకొనినది. నూఱుగురు విద్యార్థులు ఒక యూనిట్. వారికి ప్రోగ్రామ్ ఆఫీసరుగా ఒక అధ్యాపకుడు. విద్యార్థి సంవత్సరమునకు 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు పనిచేయవలెను. యూనిట్టులో సగముమంది దత్తత గ్రామమున ఏడుదినముల ప్రత్యేక శిబిరమున పాల్గొనవలెను. నాడు నలుబదివేలతో మొదలైన సంఖ్య ఇటీవలి సంవత్సరములలో సుమారు 40 లక్షలకు చేరినది. కడపలో 1977లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా మొలకెత్తి, 2006లో స్వతంత్ర విశ్వవిద్యాలయముగా రూపొందిన యోగివేమన విశ్వవిద్యాలయపు పరిధిలోని కళాశాలలును ఈ చట్రమునకు లోబడియే సేవ నడుపుచున్నవి.

ఈ సేవలో సఫలమైన ఘట్టములను మొదట చెప్పుట న్యాయము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలాది ప్రాణములు పోగా, శవములకు అంత్యక్రియలు జరుపుటకు, బ్రతికినవారికి అన్నవస్త్రములందించుటకు నలుదెసలనుండి వచ్చినవారిలో యువజనులనేకులు. సరిగా నలుబదినాలుగేండ్లకు, అదే నవంబరు 19న, 2021లో, నాటి మన కడప జిల్లాలోని చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మొదలైన గ్రామములు కొట్టుకొనిపోయినప్పుడును, ఇండ్లలో మేటవేసిన ఇసుకను తోడుటకు, వంటసామగ్రి అందించుటకు యువకులు ముందుకు వచ్చిరి. ఆపత్కాలమున తెలుగు విద్యార్థి వెనుకంజ వేయడని ఈ రెండు తేదీలును సాక్ష్యము పలుకుచున్నవి.

ఆపత్తు లేనికాలపు సేవకును మనకు గొప్ప నిదర్శనము కలదు. 1990వ దశకారంభమున నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము నడచినప్పుడు, రాత్రివేళ దీపము చుట్టు వయోజనులను కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించిన వేలాది స్వచ్ఛంద కార్యకర్తలలో చదువుకొనుచున్న యువతీయువకులు పెక్కుమంది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆ పాఠముల ప్రేరణతో 1992లో సారా అంగడిని మూయించిన వృత్తాంతము, రాష్ట్రమంతట వ్యాపించిన సారావ్యతిరేక ఉద్యమమునకు నాంది పలికినది. ఇక్కడ గమనింపదగిన దేమనగా, ఆ ఉద్యమమున విద్యార్థి చేసిన పని ఏడుదినములతో తీరినది కాదు. ఒకే ఊరిలో, ఒకే సమూహముతో, నెలల తరబడి, ప్రతిరాత్రియు సాగినది. పాఠము చెప్పుకొనుచుండగా స్త్రీలు తమ కష్టములను తామే విప్పి చెప్పుకొనిరి. ఆ కష్టములే కార్యక్రమమైనవి. ఊరివారితో అట్టి నెయ్యము ఏర్పడుటకు కాలము పట్టును. ఆ కాలమును మనము ఇయ్యని చోట సేవ పైపై పూతగానే యుండిపోవును.

ఏడుదినముల శిబిరముల లోపమిదియే. దత్తత గ్రామమున విద్యార్థులు కంపచెట్లు కొట్టుదురు, కాలువలు తీయుదురు, బ్లీచింగు పొడి చల్లుదురు, మొక్కలు నాటుదురు, ర్యాలీ తీయుదురు, సాయంకాలము సాంస్కృతిక కార్యక్రమములు జరుపుదురు. వీనియందు నిందింపదగినదేదియు లేదు. కాని కంప మఱల మొలచును; మొక్కకు వేసవిలో నీరు పోయువాడుండడు; మఱుసటి యేడు మఱియొక యూనిట్ మఱియొక ఊరికి పోవును, లేదా అదే ఊరికి వచ్చి మునుపటివారేమి చేసిరో ఎఱుగక అదే పని మొదలిడును. నియమావళి దత్తత యను గొప్ప మాటను వాడినది. దత్తతలోని బాధ్యతను మాత్రము ఆచరణ మఱచినది. దత్తు తీసుకొన్న బిడ్డను ఏడాదికి వారముదినములు మాత్రమే చూచుకొనువానిని లోకము తండ్రియని అనునా?

లోపమునకు ధనము కూడ కొంత కారణము. సేవా పథకపు వ్యయమును మొదట కేంద్ర రాష్ట్రములు 7:5 నిష్పత్తిలో భరించుచుండగా, 2016 ఏప్రిల్ నుండి కేంద్రమే పూర్తిగా భరించుచున్నది. కొన్నేండ్లపాటు ఒక విద్యార్థికి సంవత్సరమంతటి సాధారణ కార్యక్రమములకు 250 రూపాయలు, శిబిరమునకు 450 రూపాయలు చొప్పున నిర్ణయమైయుండెను. ఏడుదినములకు 450 అనగా దినమునకు 65 రూపాయలకు లోపు. అందులోనే భోజనము, ప్రయాణము, పనిముట్లు జరుగవలెను. ఇట్టి స్థితిలో ఊరిపెద్దల ఆతిథ్యముపైనను, అధ్యాపకుని చేతిసొమ్ముపైనను శిబిరము ఆధారపడుట జరుగును. అతిథియై వచ్చినవాడు ఆ ఊరి లోపములను నిర్మొగమాటముగా ఎత్తిచూపుట కష్టము.

ఇటీవల ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి వేఱొక మార్గమును త్రొక్కినది. 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించినప్పుడు, రెండవ సెమిస్టరు ముగిసిన పిమ్మట వేసవి సెలవులలో విద్యార్థి 180 గంటలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయవలెననియు, దానికి 4 క్రెడిట్లు లభించుననియు నిర్ణయించినది. మొదట గ్రామ సామాజికార్థిక సర్వే, పిమ్మట ఒక సమస్యపై అవగాహన కార్యక్రమము, తుదకు లాగ్‌బుక్కుతో కూడిన నివేదిక దీని క్రమము. ఈ ఏర్పాటువలన సేవ చదువులో అంతర్భాగమైనది. ఎన్నడును పల్లెగడప త్రొక్కని నగర విద్యార్థి సైతము త్రొక్కవలసి వచ్చినది. అదే సమయమున, 1950వ దశకమునుండి తీరక నిలిచియున్న నిర్బంధ ప్రశ్నకు ప్రభుత్వమొక సమాధానము చెప్పినట్లును అయినది.

ఆ సమాధానమెంత మేలైనదో పరిశీలించుటకు పరిశోధకుల సాయము కలదు. 1999లో స్టూకస్, స్నైడర్, క్లేరీ అను ముగ్గురు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు అమెరికాలో నిర్బంధ సేవ చేసిన విద్యార్థులను పరిశీలించి, సేవయందు స్వతః ఆసక్తి లేనివారిని బలవంతపెట్టినచో, అటుపిమ్మట స్వచ్ఛందముగా సేవ చేయవలెనను సంకల్పము వారియందు మఱింత సన్నగిల్లునని కనుగొనిరి. పని చేయించుటయందు కొంత స్వేచ్ఛ, ఎన్నుకొను అవకాశము ఇచ్చినయెడల ఈ దోషము తగ్గునని కూడ వారు గమనించిరి. అంతకు ముందే క్లేరీ, స్నైడర్ ప్రభృతులు సేవ చేయువారి ప్రేరణలు ఆఱు విధములని విభజించిరి: విలువలు, తెలిసికొనుకోరిక, ఆత్మవికాసము, జీవనోపాధి, స్నేహబంధములు, మనోవ్యథనుండి రక్షణ. ఉద్యోగమునకు పనికివచ్చు అనుభవము కోరువానిని నిందించుట తగదు. అతని కోరికకు తగిన పని అతనికి దొరకునట్లు చూచుట నిర్వాహకుని నేర్పు. కావున 180 గంటల నియమమును రద్దుచేయుటకంటె, ఏ గ్రామము, ఏ సమస్య, ఏ జట్టు అనునది విద్యార్థియే ఎన్నుకొనునట్లు చేయుట మేలైన మార్గము.

జెనెట్ ఐలర్, డ్వైట్ గైల్స్ అను విద్యావేత్తలు 1999లో ప్రకటించిన గ్రంథమున, సేవవలన విద్యార్థి యేమి నేర్చుకొనుచున్నాడని ప్రశ్నించి, సేవ మాత్రమే చాలదనియు, చేసిన పనిని గూర్చి కూర్చుండి చర్చించుకొని, చదివిన శాస్త్రముతో ముడివేసికొన్నప్పుడే అది విద్యయగుననియు నిరూపించిరి. మన లాగ్‌బుక్కులలో దినచర్య కలదు గాని, అట్టి పునరాలోచనకు తావు తక్కువ. ఈ పరిశోధనలన్నియు విద్యార్థిపై దృష్టి నిలిపినవి. గ్రామముపై దృష్టి నిలిపినవి అరుదు. స్టోకర్, ట్రయాన్ అను పరిశోధకులు 2009లో ప్రకటించిన పరిశీలనలో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగర ప్రాంతమునందలి చిన్న సేవాసంస్థల వారిని అడుగగా, స్వల్పకాలము మాత్రమే యుండు విద్యార్థులకు పని నేర్పుటలోనే తమ శక్తి వ్యయమగుచున్నదనియు, పని నేర్చుకొనునాటికి వారు వెడలిపోవుచున్నారనియు పలువురు వాపోయిరి. సంఘవిమర్శకుడు ఇవాన్ ఇల్లిచ్ అంతకంటె తీవ్రముగా, 1968లో మెక్సికోకు వచ్చుచున్న అమెరికా విద్యార్థి సేవకులను ఉద్దేశించి, వారి సదుద్దేశమువలన పల్లెవాసులకు మేలుకంటె కీడే యెక్కువని వారి ముఖముననే చెప్పెను. సింహాద్రిపురమున గాని, లింగాలలో గాని, తొండూరులో గాని ఒక రైతును కూర్చుండబెట్టి, ఏటేట వచ్చి అవే ప్రశ్నలడిగి వ్రాసికొనిపోవు సర్వేల సంగతి అడిగినచో, ఆ దూరదేశపు పరిశోధకులకు చెప్పిన సమాధానమే అతని నోటను రాదని ఎవరు చెప్పగలరు?

ఇతర దేశముల అనుభవము ఈ విషయమును మఱింత స్పష్టపఱచును. మెక్సికోలో 1936లో వైద్యవిద్యార్థులతో మొదలై, 1945 నాటి శాసనముతో ఇతర వృత్తివిద్యలకును వ్యాపించిన సామాజిక సేవయందు, పట్టము పొందగోరు విద్యార్థి కనీసము ఆఱునెలలలో 480 గంటలు తన వృత్తికి సంబంధించిన పనియే చేయవలెను. నైజీరియా అంతర్యుద్ధానంతరము 1973లో నెలకొల్పిన జాతీయ యువజన సేవయందు పట్టభద్రులు తమ ప్రాంతము కాని ప్రాంతమున ఒక సంవత్సరము పనిచేయవలెను. జాతుల మధ్య సామరస్యము దాని లక్ష్యము. ఇండోనేషియాలో 1970వ దశకమునుండి విద్యార్థులు జట్లుగా గ్రామములలో నివసించి పనిచేయుట పాఠ్యాంశముగా నడచుచున్నది. నేపాలులో 1974లో త్రిభువన్ విశ్వవిద్యాలయము స్నాతకోత్తర విద్యార్థులను ఇంచుమించు ఏడాదికాలము పర్వతగ్రామములకు పంపినది. పల్లెలకు చదువును, బడులను, త్రాగునీటిని మోసికొనిపోయిన ఆ ప్రయత్నము రాజకీయ కారణములవలన ఆ దశకము ముగియునాటికి ఆగిపోయినది. వీనినుండి మనము గ్రహింపదగినవి రెండు. సేవ విద్యార్థి చదువుచున్న విద్యతో కూడియున్నప్పుడు పల్లెకును విద్యార్థికిని ప్రయోజనకరము. నెలలకు తక్కువ కాని కాలము నిలిచినప్పుడే పల్లె విద్యార్థిని నమ్మును.

ఇక మన సీమకు వత్తము. ఇచ్చట విద్యార్థులు చేయదగిన పనులేవి? మొదటిది నీటి లెక్క. మన మండలములలో బోర్లు ఎండుట, రైతు అప్పుచేసి మఱల బోరు వేయుట, ట్యాంకరు నీటితో చీనీ చెట్లను బ్రతికించుకొనుట అందఱు నెఱిగినవే. ఈ శతాబ్ది మొదటి దశకమున, అనగా 2003 ప్రాంతమునుండి 2010 వఱకు, కడప, అనంతపురము, కర్నూలు, చిత్తూరు, ప్రకాశము, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలలో రైతులే నడపిన భూగర్భజల యాజమాన్య పథకమున, చదువు తక్కువైన రైతులు సైతము వాన కొలిచి, బోరులలో నీటిమట్టము కొలిచి, ఊరి గోడపై వ్రాసి, రబీ పంటకు ఎంత నీరున్నదో లెక్కగట్టి యే పైరు వేయదగునో నిర్ణయించుకొనిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. పథకము ముగిసిన పిమ్మట అట్టి కొలతలను కొనసాగించు బాధ్యత ఎవరిది? భూగర్భశాస్త్రమో, గణితమో, భూగోళమో చదువు విద్యార్థులు ఒక ఊరిలోని కొన్ని బోరులను నెలకొకమాఱు కొలిచి, ఒకే రిజిస్టరులో పదియేండ్లపాటు వ్రాసినచో, అంతకు మించిన సేవ వేఱొకటి యుండబోదు. ఒక సంవత్సరపు కొలతకు విలువ స్వల్పము. పదియేండ్ల కొలతల వరుసకు విలువ అపారము. గంటల లెక్కకును గ్రామముల లెక్కకును గల భేదము ఇట్టి పనియందే తేటపడును.

రెండవది చదువు లెక్క. 2005నుండి ప్రథమ్ సంస్థ నిర్వహించుచున్న అసర్ సర్వే, ఒక్కొక్క జిల్లాలో 30 గ్రామములు, ఒక్కొక్క గ్రామమున 20 గృహములు ఎన్నుకొని, స్థానిక కళాశాలల విద్యార్థులకును స్వచ్ఛంద కార్యకర్తలకును శిక్షణ యిచ్చి, బాలబాలికలు రెండవ తరగతి పాఠము చదువగలరో లేదో ఇంటింట పరీక్షింపజేయుచున్నది. ఆ లెక్కలు పార్లమెంటువఱకు చర్చకు వచ్చినవి. శిక్షణ సరిగా ఇచ్చినచో ఇరువదియేండ్ల యువకుడు దేశమంతట నమ్మదగిన కొలత తీయగలడని దీనివలన తేలినది. సర్వేతో నిలువక, చదువలేని పిల్లలను ఎంచి, అదే ఊరి కళాశాల విద్యార్థి సాయంకాలము గంటసేపు కూర్చుండబెట్టి చదివించినచో, ఫలితమును ఆఱునెలలలో తిరిగి కొలువవచ్చును. మూడవది కాగితముల సాయము: పంటల బీమా, పింఛను, భూమి పత్రములు, బ్యాంకు ఖాతా వంటి వ్యవహారములలో మన రైతులు, ముఖ్యముగా వృద్ధులు, ఒంటరి స్త్రీలు ఎదుర్కొను చిక్కులు కొలదివి కావు. వాణిజ్యశాస్త్ర విద్యార్థికి ఇది చదువును, సేవయును.

ఈ పనులు నిలకడగా సాగుటకు విశ్వవిద్యాలయములు కొన్ని మార్పులు చేయవలయును. వానిలో ప్రథమము, ఒక కళాశాల ఒక గ్రామమును కనీసము అయిదేండ్లు వదలకుండుట, ఆ గ్రామమునకు కళాశాలలో ఒక శాశ్వత రిజిస్టరుండుట. ఏ సంవత్సరము ఎవరు వచ్చిరి, ఏమి చేసిరి, ఏది సగములో నిలిచినది, ఎవరికి ఏ మాట యిచ్చిరి అనునది క్రొత్తగా వచ్చు జట్టు మొదటి దినముననే చదువవలెను. 2014లో మొదలై 2018లో విస్తరించిన ఉన్నత భారత అభియాన్ ఉన్నత విద్యాసంస్థలు అయిదేసి గ్రామములను స్వీకరించి చిరకాలము పనిచేయవలెనని కోరినది. ఆ సూత్రమును జాతీయ సేవా పథకముతోను, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుతోను కలిపివేసినచో, ఒకే ఊరికి మూడు పథకముల పేర మూడు జట్లు వేఱువేఱుగా పోవు దుస్థితి తప్పును.

రెండవది, పని యేదియో ఊరు నిర్ణయించుట. గ్రామసభలో ఊరివారు, స్త్రీల పొదుపు సంఘములు, బడి ఉపాధ్యాయులు ముందుగా కూర్చుండి తమకు కావలసినది చెప్పవలెను. కళాశాల తాను చేయగలిగినది, చేయలేనిది దాచక చెప్పవలెను. చేయలేని పనిని చేయుదుమనుట ఊరికి ద్రోహము. సంవత్సరాంతమున మఱల అదే సభయందు ఫలితములు చదివి వినిపించి, ఊరివారి తీర్పును నివేదికలో చేర్చవలెను. నేడు నివేదిక పైఅధికారులకు పోవుచున్నది. ఊరికి చేరుట లేదు.

మూడవది అధ్యాపకుని సంగతి. ప్రోగ్రామ్ ఆఫీసరు తన బోధన, పరీక్షలు, ఇతర విధులన్నియు చేసికొనుచునే సేవాభారమును మోయుచున్నాడు. మంచి శిబిరము నడపినవానికిని, ఛాయాచిత్రములు తీయించి సరిపుచ్చినవానికిని పదోన్నతిలో తేడా యేమియు లేకుండుట అన్యాయము. అతనికి బోధనా గంటలలో తగ్గింపు, ప్రయాణవ్యయము ముందుగా చేతికందుట, ఊరిలో సాధించిన ఫలితమునకు సేవాపత్రమున గుర్తింపు కావలయును. మూడేండ్ల కొకమాఱు అతనిని మార్చు ఆచారమున్నచోట, మార్పునకు ముందు క్రొత్తవారు పాతవారితో ఒక సంవత్సరము కలిసి పనిచేయుట ఉచితము.

నాలుగవది, స్త్రీల భాగస్వామ్యము. కళాశాలలలో ఆడపిల్లల సంఖ్య పెరిగినను, శిబిరములలో రాత్రి బసకు తలుపుగడియ సరిగాలేని బడిగది చూపినచో, ఇండ్ల పెద్దలు పంపుటకు వెనుదీయుట తప్పు కాదు. సురక్షితమైన బస, మరుగుదొడ్డి, స్త్రీ అధ్యాపకురాలి తోడు, చివరి బస్సు వేళకు ముందే ముగియు దినసరి పని అను నవి ఏర్పఱచినచో ఆడపిల్లల సేవ రెండింతలగును. పల్లెయందు ఇండ్లలోనికి పోయి స్త్రీలతో మాటలాడగలిగినది వారే. రక్తహీనత, బాల్యవివాహము, గర్భిణుల ఆహారము వంటి విషయములు వారి ముందే విప్పబడును. అయిదవది శిక్షణ. ఊరికి పోవుటకు ముందు ప్రశ్న యెట్లు అడుగవలెను, విన్నదానిని గోప్యముగా ఎట్లుంచవలెను, కులమును బట్టి విడిపోయిన వాడలలో అందఱి యిండ్లకును ఎట్లు పోవలెను, అన్నది నేర్పక పంపుట విద్యార్థికిని ఊరికిని అపాయకరము.

కొందఱు పెద్దలు దీనికి ఆక్షేపణలు చెప్పుదురు. చదువుకొను వయసున విద్యార్థిని సేవ పేర ఊరూర త్రిప్పుట వలన పరీక్షలు చెడునందురు. శాస్త్రముతో ముడిపడిన సేవ చదువునకు సాయమే యని ఇదివఱకే చెప్పితిని. ప్రభుత్వోద్యోగులు జీతము తీసికొని చేయవలసిన పనిని విద్యార్థులచే ఉచితముగా చేయించుట న్యాయమా యని మఱికొందఱు అడుగుదురు. ఈ ప్రశ్న బలమైనది. పాఠశాల నడపుట, కాలువలు శుభ్రముచేయుట పంచాయతీ, ప్రభుత్వముల విధులు. విద్యార్థి వానికి బదులుగా నిలువరాదు. కొలుచుట, నేర్పుట, వినుట, విధులు జరుగుచున్నవో లేదో ఊరివారికి తెలియజెప్పుట అతని పని. పారిశుద్ధ్య కార్మికుడు లేని ఊరిలో వారము దినములు కాలువ తీసివచ్చుటకంటె, ఆ ఊరికి ఆ కార్మికుడెందుకు లేడో కనుగొని గ్రామసభలో చదివి వినిపించుట మేలైన సేవ. దానివలన ఊరిలో రాజకీయము ప్రవేశించునందురేమో. పౌరుడు తన హక్కును తెలిసికొనుట ప్రజాస్వామ్యమునకు అవసరమే గాని అపాయము కాదు.

యోగివేమన విశ్వవిద్యాలయము మొదలుగా సీమలోని విశ్వవిద్యాలయములు ఏటేట ప్రకటించు నివేదికలలో సేవాగంటలు, శిబిరములు, మొక్కలు ఎన్నియో సంఖ్యలుగా చూపుచున్నవి. వాని స్థానమున, లేదా కనీసము వాని ప్రక్కన, ఒక చిన్న పట్టిక చేర్చవలెనని నా విన్నపము: స్వీకరించిన గ్రామము పేరు; అక్కడ ఎన్నియేండ్లుగా పనిచేయుచున్నారు; ఆ ఊరు కోరిన పని యేది; ఈ సంవత్సరము బోరులలో నీటిమట్టమెంత, చదువలేని పిల్లలెందఱు, పరిష్కారమైన అర్జీలెన్ని, గత సంవత్సరముతో పోల్చిన తేడా యెంత; గ్రామసభ చెప్పిన తీర్పేమి. ఇట్టి పట్టికను మొదటి యేడు నింపుట కష్టము. అయిదవ యేటికి దానిని చూచినవారు కళాశాల ఆ ఊరికి చేసిన మేలును గాని, చేయలేకపోయిన పనిని గాని నిస్సంశయముగా తెలిసికొందురు. విద్యార్థి శక్తిపై మనకు నమ్మకమున్నచో, ఆ శక్తి ఫలించినదా లేదా అని అడుగుటకు మనము జంకరాదు.